మనిషి మోకు కాడు



రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పుల గురించి చదవడానికి అలవాటుపడిన మీకు, ఈసారి పవర్ టిల్లర్‌ను బండికెక్కించడం గురించి రాస్తున్నానంటే వింతగా తోచవచ్చు. ఇది వ్యవసాయ శాఖవారు చెప్పవలసిన మాట, వైద్యుడికి ఇందులో పనేమిటని అనిపించవచ్చు. పని ఉంది. ఏలూరు పరిసరాలలో నేను వైద్యం చేసిన దశాబ్దాలలో, సార్వా దమ్ముల కాలం వచ్చిందంటే పాముకాటు రోగులతోపాటు మరొక రకం క్షతగాత్రులు కూడా వచ్చేవారు. ఒకరికి వేళ్లు నలిగి ఉండేవి. ఒకరికి తొడ ఎముక విరిగి ఉండేది. ఇంకొకరికి పైకి గాయమే కనబడదు, లోపల రక్తస్రావం జరుగుతూ ఉండేది. వీరిలో చాలామందికి ఆ దెబ్బలు దమ్ము చేస్తుండగా తగిలినవి కావు. యంత్రాన్ని ఒక ఊరి నుంచి మరొక ఊరికి తరలించడానికి బండి మీదికి ఎక్కించే, లేదా దించే ఆ పావుగంటలో తగిలినవి.

పూర్వం ఈ బెడద లేదు. అరక ఎద్దులు తమంతట తామే నడిచి పొలానికి వచ్చేవి. ట్రాక్టరు కూడా రోడ్డు మీద తన కాళ్ల మీద తానే పోతుంది. పవర్ టిల్లర్ సంగతి వేరు. దానికున్నవి రెండే చక్రాలు. దాని వేగమూ తక్కువే. పది మైళ్ల దూరంలోని చేనికి అది చేరాలంటే దానిని మోసే బండి కావాలి. 2005లో టాటా ఏస్ వచ్చాక, ఆ వెనుక బొలేరో పికప్‌లు ఊరూరా అమరాక ఈ మోత సులువైంది. ఏలూరు నుంచి భీమడోలు, పూళ్ల, కైకరం, ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెం దాకా జాతీయ రహదారి మీద మీరెప్పుడు ప్రయాణించినా, తొట్టిలో టిల్లరో, ఆయిల్ ఇంజనో, చేపల చెరువులకు వేసే ఏరియేటరో పెట్టుకొని పోయే చిన్న బండి ఒకటైనా కనబడుతుంది. కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపు కొల్లేటి గట్ల మీదనైతే చెప్పనే అక్కరలేదు. అలాంటి బండిని మీరు దాటుకొని పోయేటప్పుడు ఒక్కసారి తొట్టిలోకి చూడండి. యంత్రం పక్కన, దాని హ్యాండిల్ పట్టుకొని, ఒక మనిషి కూర్చొని ఉంటాడు. ఎందుకు కూర్చున్నాడని అడిగితే, "కదలకుండా పట్టుకోవడానికండి" అంటాడు.

ఆ ఒక్క సమాధానం కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒక రోగి చెప్పిన మాట

కొల్లేటి అంచు గ్రామం ఒకదాని నుంచి, ఇరవై ఏళ్లు దాటిన ఒక యువకుడిని ఒక సాయంత్రం నా వద్దకు తీసుకొచ్చారు. వానకు తడిసిన గట్టు మీద టిల్లర్‌ను బండికెక్కిస్తున్నారట. ముందు నుంచి ఇద్దరు లాగుతున్నారు, వెనుక నుంచి ఇతడు నెడుతున్నాడు. చెక్కబల్ల జారింది. యంత్రం వెనక్కి వచ్చింది. హ్యాండిల్ కొస ఇతడి ఎడమ డొక్కలో బలంగా పొడుచుకుంది. కాసేపు కూర్చొని లేచాడు, మంచినీళ్లు తాగాడు, మళ్లీ పనిలో పడ్డాడు. యంత్రాన్ని రెండోసారి ఎక్కించి, దాని పక్కనే తొట్టిలో కూర్చొని గంట ప్రయాణం చేశాడు. మధ్యాహ్నం దాటాక ఎడమ భుజం లాగుతోందన్నాడు. పొద్దుగూకే వేళకు కళ్లు తిరిగి పడిపోయాడు.

నా వద్దకు వచ్చేసరికి ఒళ్లు చల్లబడి ఉంది. నాడి వేగంగా, సన్నగా కొట్టుకుంటోంది. ప్లీహం చిట్లి, రక్తం కడుపులోకి కారుతోంది. వెంటనే పై ఆసుపత్రికి పంపాము. శస్త్రచికిత్స జరిగింది, ప్రాణం దక్కింది. కొన్ని వారాల తరువాత తల్లితో కలిసి నన్ను చూడవచ్చినప్పుడు అడిగాను:

"అంత దెబ్బ తగిలాక మళ్లీ తొట్టిలో ఎందుకెక్కావయ్యా?"

"టిల్లరును పట్టుకోవాలి కదండి. నేనెక్కకపోతే ఎవరు పట్టుకుంటారండి?" అన్నాడు.

తల్లి పక్కనుంచి, "ఆడి పనే అదండి డాక్టరుగారూ. డ్రైవరు నడుపుతాడు, ఈడు పట్టుకుంటాడు. ఈడినందుకే తీసుకెళ్తారండి" అన్నది.

వారిద్దరూ ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. ఒక కూలిపని వివరం చెప్పినట్లు చెప్పారు. ఒక మోకు చేయవలసిన పనికి ఒక మనిషిని నియమించుకోవడం మనకు ఎంత సహజమైపోయిందో ఆ మాటలలో నాకు తెలిసింది.

పట్టుకుంటే ఆగుతుందా?

ఒక చిన్న లెక్క చూద్దాము. మన ప్రాంతంలో దమ్ముకు వాడే డీజిల్ టిల్లర్, వెనుక రోటరీతో కలిపి, సుమారు 400 కిలోలు ఉంటుంది. 75 కిలోల ధాన్యం బస్తాలు అయిదింటికి మించిన బరువు. బస్తా వేసిన చోట పడి ఉంటుంది, టిల్లర్‌కు చక్రాలున్నాయి. అదే తేడా.

బండి పోతున్నంతసేపు తొట్టిలోని యంత్రం కూడా బండితో సమానమైన వేగంతోనే పోతూ ఉంటుంది. గేదె అడ్డం వచ్చి డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే బండి ఆగుతుంది. యంత్రానికి ఆ బ్రేకుతో సంబంధం లేదు, దానిని ఆపేది దానికి కట్టిన కట్టు మాత్రమే. సరకు కట్టడానికి యూరప్ దేశాలవారు పాటించే ప్రమాణం ప్రకారం, ముందువైపు జారకుండా సరకు బరువులో 80 శాతం బలాన్ని, పక్కలకూ వెనక్కూ జారకుండా 50 శాతం బలాన్ని ఆపగలిగేలా కట్టు ఉండాలి. మన టిల్లర్‌కు ఆ లెక్క వేస్తే ముందుకు 320 కిలోలు, పక్కలకు 200 కిలోలు. తొట్టిలో గొంతుక్కూర్చున్న మనిషి, ఎంత బలశాలి అయినా, రెండు చేతులతో 320 కిలోలను ఆపగలడా? ఆపలేడు. అతడు చేయగలిగింది ఒక్కటే. యంత్రానికీ క్యాబిన్ గోడకూ మధ్య నలిగిపోవడం.

ఇక ఢీకొంటే ఏమవుతుందో కూడా చెబుతాను. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి చెట్టుకు గుద్దుకొని ఆగితే, తొట్టిలోని వస్తువుకూ మనిషికీ ఉన్న వేగం, ఆరు మీటర్ల ఎత్తు నుంచి కింద పడినప్పటి వేగంతో సమానం. రెండంతస్తుల డాబా మీది నుంచి 400 కిలోల ఇనుము పడుతుంటే దాని దారిలో ఎవరైనా నిలబడతారా?

అన్నిటికన్నా మంచి ఉపాయం: వాలు లేకుండా చేయడం

ప్రమాదాలలో ఎక్కువ భాగం యంత్రం ఎక్కేటప్పుడో, దిగేటప్పుడో జరుగుతాయి. ఎక్కడంలోని ప్రమాదమంతా వాలులో ఉంది. తొట్టి అడుగు నేలకు మూడడుగుల ఎత్తున ఉందనుకోండి. ఆరడుగుల బల్ల వేస్తే, యంత్రం బరువులో సగం, అంటే 200 కిలోలు, వెనక్కి లాగుతూ ఉంటుంది. తొమ్మిదడుగుల బల్ల వేస్తే మూడోవంతు, అంటే దాదాపు 133 కిలోలు. పన్నెండడుగుల బల్ల వేస్తే 100 కిలోలే. బల్ల పొడవు పెరిగేకొద్దీ చావు బరువు తగ్గుతుందన్నమాట. పొట్టి బల్ల బండిలో సులువుగా ఇముడుతుందని చాలామంది దానినే వెంట ఉంచుకుంటారు. ఆ సులువుకు మూల్యం వెనుక నిలబడ్డవాడు చెల్లిస్తాడు.

బల్ల అవసరమే లేకుండా చేయగలిగితే ఇంకా మేలు. మన ప్రాంతంలో కాలువ గట్లకు, చెరువు గట్లకు కొదవ లేదు. గట్టు కింద పల్లంలో గట్టి నేల చూసి బండిని వెనక్కి పెట్టి, గట్టు ఎత్తూ తొట్టి ఎత్తూ సమానమయ్యేలా నిలిపితే, టిల్లర్ సమతలం మీద నడిచినట్లు లోపలికి పోతుంది. అయితే ఒక హెచ్చరిక. కొల్లేటి నల్లమట్టి వానకు మెత్తబడి అంచు విరిగి జారుతుంది. గట్టి పడిన గట్టునే ఎంచుకోవాలి, అంచుకు రెండు బల్లలు పరచాలి.

రైల్వే గూడ్సు షెడ్లను మీరు గమనించే ఉంటారు. అక్కడి వేదిక ఎత్తు వ్యాగన్ అడుగుతో సమానంగా ఉంటుంది. బస్తాలు మోసేవాడి నడుమును కాపాడే ఆలోచన అందులో ఉంది. ఊరికొక చోట, సహకార సంఘం గోదాము పక్కనో, రైతు సేవా కేంద్రం ఆవరణలోనో, మూడడుగుల ఎత్తు మట్టిమిట్ట ఒకటి, పొడవైన వాలుతో కట్టి, అంచుకు రాళ్లు పేర్చితే అదే పని జరుగుతుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు. నాలుగు ట్రక్కుల మట్టి, ఒక రోజు పని. ఆసుపత్రి కట్టించాలని అడగడానికి పదిమంది వస్తారు. ఇలాంటి మిట్ట కట్టించమని గ్రామసభలో అడిగేవారు ఒక్కరైనా ముందుకు రావాలని నా కోరిక.

బల్ల తప్పనిసరైతే

బల్ల ఎందుకు జారుతుందో తెలిస్తే జాగ్రత్త దానంతట అదే వస్తుంది. టిల్లర్ చక్రం పైకి ఎక్కాలంటే బల్లను వెనక్కి తన్నాలి. ఆ తన్నుకు బల్ల పై కొస తొట్టి అంచు నుంచి ఊడి వస్తుంది. లేదా బ్రేకు సరిగా లేని బండి ఒక అడుగు ముందుకు కదులుతుంది. ఏది జరిగినా ఫలితం ఒకటే.

కనుక ముందుగా బండిని సమతలమైన గట్టినేల మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, నాలుగు చక్రాలకూ రాళ్లో చెక్కలో అడ్డు పెట్టించండి. బల్లలు దళసరిగా, పగుళ్లు లేకుండా, చక్రం వెడల్పు కంటే వెడల్పుగా ఉండాలి. పై కొసకు ఇనుప నాలుక బిగించి అది తొట్టి అంచుకు చిక్కుకునేలా చేయించాలి. అది చాలదు. ప్రతి బల్లనూ గొలుసుతో బండి చట్రానికి కట్టాలి. బల్ల మీద అడ్డంగా చిన్న పట్టీలు కొట్టిస్తే తడిలో కూడా టైరుకు పట్టు దొరుకుతుంది. దమ్ము చేసే ఇనుప చక్రాలతో యంత్రాన్ని ఎప్పుడూ ఎక్కించకండి. ఇనుము మీద ఇనుము జారుతుంది, చెక్క మీద చెక్కను చీలుస్తుంది. ముందు రబ్బరు టైర్లు బిగించాలి. చేపలు మోసిన బండి అయితే తొట్టి అడుగున జిగురు ఉంటుంది. కడిగి, ఆరబెట్టి, పాత రబ్బరు చాప పరచండి.

టిల్లర్ నడిపేవారికి ఒక ప్రత్యేక విషయం చెప్పాలి. దాని హ్యాండిల్ కింద కుడికొకటి, ఎడమకొకటి తిప్పే క్లచ్ మీటలు ఉంటాయి. సమతలం మీద ఎడమ మీట నొక్కితే యంత్రం ఎడమకు తిరుగుతుంది. అదే యంత్రం పల్లానికి జారుతున్నప్పుడు ఎడమ మీట నొక్కితే, ఆ చక్రం ఇంజను పట్టు వదిలి వేగంగా దొర్లుతుంది, యంత్రం కుడికి తిరుగుతుంది. ఇరవై ఏళ్లు నడిపిన చేతులు కూడా ఆ క్షణంలో మోసపోతాయి. అందుచేత బల్ల మీద ఉన్నంతసేపు ఆ మీటలను ముట్టుకోరాదు, గేరు మార్చరాదు, పెద్ద క్లచ్ వదలరాదు. రోటరీ తిరగకుండా ఆపి, అతి తక్కువ గేరులో, నేల మీదనే దిశ సరిచూసుకొని బయలుదేరాలి.

ఇంతకంటే మేలైన పద్ధతి ఇంజను ఆపివేసి, క్యాబిన్ వెనుక చట్రానికి బిగించిన చైన్ పుల్లీతో యంత్రాన్ని నెమ్మదిగా పైకి లాగడం. చైన్ పుల్లీకి ఒక గుణం ఉంది. చేయి వదిలినా బరువు వెనక్కి జారదు. లాగేవాడు అలసిపోయినా ఎవరి ప్రాణానికీ ముప్పు రాదు.

ఏ పద్ధతి అయినా నియమం ఒక్కటే. బల్ల మీద బరువు ఉన్నప్పుడు దాని వెనుక ఎవరూ ఉండరాదు. నెట్టేవాడు వద్దు, చూసేవాడు వద్దు, ఆడుకొనే పిల్లలు అసలే వద్దు. సాయం పట్టేవారు పక్కలకు దూరంగా నిలబడాలి. జారుతోందని అనిపిస్తే "వదిలెయ్" అని అరిచి తప్పుకోవాలి తప్ప, పట్టుకోబోకూడదు. యంత్రం పడితే మరమ్మతు చేయించుకోవచ్చు. ఆ మాటను పని మొదలుపెట్టకముందే యజమాని తన నోటితో చెప్పాలి. ఎందుకంటే, యంత్రం పాడైతే తనను తిడతారనే భయంతోనే కూలివాడు పట్టుకుంటాడు.

కట్టు

లోపలికి ఎక్కాక యంత్రాన్ని ముందుకు జరిపి, ఇంజను భాగం క్యాబిన్ వెనుక గోడకు ఆనేలా నిలపాలి. బరువు వెనుక చక్రాలను దాటి వెనక్కి ఉంటే, బండి ముందు చక్రాలు తేలికై, స్టీరింగు మాట వినదు. యంత్రాన్ని గేరులో ఉంచి, డీజిల్ కాక్ మూసి, రెండు చక్రాలకూ ముందూ వెనుకా చెక్కలు బిగించాలి. రెండు చక్రాల యంత్రం కనుక ముందుకో వెనక్కో ఒరగకుండా ఆసరా దిమ్మ పెట్టాలి.

కొబ్బరితాడు ఈ పనికి పనికిరాదు. నైలాన్ మోకు తడిస్తే సాగుతుంది, గతుకులకు ముడి వదులవుతుంది. లారీలవాళ్లు వాడే రాచెట్ బెల్టులు నాలుగు కొనండి. కొన్ని వందల రూపాయలతో వస్తాయి, ఏళ్ల తరబడి పనిచేస్తాయి. బెల్టు మీద అది ఎంత బరువు ఆపగలదో రాసి ఉంటుంది, చూసి కొనండి. ముందు రెండు, వెనుక రెండు, నాలుగు మూలలకూ, కిందికీ బయటికీ లాగేలా వేయాలి. యంత్రం చట్రానికి కట్టాలి, హ్యాండిల్‌కు కాదు. తొట్టి పక్క రేకులకు కాకుండా అడుగున ఉన్న కొక్కేలకు తగిలించాలి. పదునైన అంచు దగ్గర బెల్టు కింద గోనె మడత వేయండి. బయలుదేరిన రెండు మూడు కిలోమీటర్లకు ఒకసారి బండి ఆపి బిగువు చూడాలి. మొదటి గతుకులలోనే కట్టు సర్దుకొని వదులవుతుంది.

ఇంత చేశాక తొట్టిలో మనిషి అవసరం ఏముంది? ఏమీ లేదు. అతడిని క్యాబిన్‌లో కూర్చోబెట్టండి. చోటు లేకపోతే బస్సులోనో, మోటారు సైకిల్ మీదనో రప్పించండి. సరకు రవాణా బండి తొట్టిలో మనుషులను ఎక్కించుకోవడం మోటారు వాహనాల చట్టం దృష్టిలో కూడా తప్పే. ప్రమాదం జరిగితే బీమా పరిహారం చిక్కులలో పడుతుంది. ఆ చిక్కు ఆ కుటుంబానికి రెండో దెబ్బ.

దెబ్బ తగిలితే

ఇక నా పని గురించి చెబుతాను.

యంత్రం మనిషి ఛాతీ మీద పడితే, గాయం కంటే ముందు ఊపిరి ఆడకపోవడం చంపుతుంది. పక్కటెముకలు కదలడానికి వీలుండదు, నిమిషాలలో ప్రాణం పోతుంది. అంబులెన్సు కోసం ఎదురుచూడకుండా, ఇంజను ఆపి, చేతికందిన వారందరూ కలిసి బరువును ఎత్తండి. అతడి మీదుగా దొర్లించకండి. ఎత్తిన ప్రతి అంగుళానికీ కింద చెక్క పెడుతూ రండి, మళ్లీ పడకుండా.

కాలు గానీ తొడ గానీ చాలాసేపు బరువు కింద నలిగితే ఇంకొక ప్రమాదం ఉంది. చితికిన కండరం నుంచి వెలువడే పదార్థాలు రక్తంలో కలిసి గుండె లయను తప్పిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. లండన్ మీద బాంబులు కురిసిన రోజులలో, శిథిలాల కింద నుంచి క్షేమంగా బయటపడినవారు కొన్ని రోజులకు ఎందుకు మరణిస్తున్నారో పరిశీలించి, బైవాటర్స్, బీల్ అనే వైద్యులు 1941లో దీనిని వర్ణించారు. కాబట్టి బరువును ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. ఎంతసేపు నలిగిందో ఆసుపత్రిలో తప్పక చెప్పండి. "కాలు కదులుతోంది, ఇంటికి పోదాం" అనుకోకండి. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తే అది అత్యవసరం.

డొక్కలో, కడుపులో హ్యాండిల్ పొడుచుకుంటే, పైకి కమిలిన మచ్చ లేకపోయినా వైద్యుడికి చూపించాలి. ముఖం పాలిపోవడం, చల్లటి చెమట, దాహం, నాడి వేగం, కడుపు గట్టిపడటం, ఎడమ భుజంలో కారణం తెలియని నొప్పి లోపలి రక్తస్రావానికి గుర్తులు. అలాంటివారికి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. మంచినీళ్లు ఇవ్వకపోవడం మన మనసుకు కష్టంగానే ఉంటుంది. అయినా శస్త్రచికిత్స అవసరమయ్యేవారికి ఖాళీ కడుపే క్షేమం.

పెద్దవారి ఒంటిలో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. తొడ ఎముక విరిగితే లీటరుకు పైగా లోలోపలే పోవచ్చు. తుంటి ఎముకలు విరిగితే అంతకంటే ఎక్కువ. తుంటి దెబ్బ అనుమానం ఉంటే, మడత పెట్టిన పంచెనో దుప్పటినో తుంటి చుట్టూ బిగువుగా చుట్టి కట్టండి. నడిపించకండి, కూర్చోబెట్టకండి. మెడ, వెన్ను దెబ్బ తగిలిందేమో అనిపిస్తే తలనూ ఒంటినీ ఒకే వరుసలో ఉంచి, నలుగురు కలిసి బల్ల మీదికి మార్చండి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి ఉంచండి. కాఫీపొడి, పసుపు, సున్నం పెట్టకండి. అవి గాయంలో ఇరుక్కుంటాయి, కడగడం కష్టమవుతుంది. వేలు తెగి పడితే దానిని తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని మంచుముక్కల మీద ఉంచి తీసుకురండి. మంచు నేరుగా తగలరాదు. చేపల వ్యాపారం ఉన్న మన ప్రాంతంలో మంచుకు లోటు లేదు కదా. సైలెన్సరు కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీటి కింద పెట్టండి. మట్టి అంటిన ప్రతి గాయానికీ ధనుర్వాతం సూది విషయం వైద్యుడిని అడగండి.

108 సేవ మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. ఫోను చేసేటప్పుడు గట్టు పేరు, దగ్గరి వంతెన పేరు చెప్పండి, ఒకరిని పెద్దరోడ్డు మీద నిలబెట్టండి. చెరువుల మధ్య దారులు కొత్తవారికి తెలియవు. క్షతగాత్రుడిని తీసుకొస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం ఇంకా కొందరిలో ఉంది. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన నిబంధన సాయపడినవారికి రక్షణ కల్పిస్తున్నాయి. నిర్భయంగా సాయపడండి.

దూరదేశంలోనూ ఇదే కథ

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన మన పిల్లలు కూడా ఇది చదువుతారని తెలుసు. మీకు పవర్ టిల్లర్ ఉండకపోవచ్చు, ఏటీవీ అనే నాలుగు చక్రాల బండి ఉండవచ్చు. దానిని పికప్ ట్రక్కు తొట్టిలోకి ఎక్కించేటప్పుడు జరిగేది ఇదే. కట్టని ర్యాంపు ఊడుతుంది, లేదా ముందు చక్రాలు పైకి లేచి బండి వెనక్కి తిరగబడి, నడిపేవాడి ఛాతీ మీద పడుతుంది. అలా తిరగబడిన బండ్ల కింద ఊపిరాడక పొలాలలో మరణించినవారి సంగతి చూసి, ఆస్ట్రేలియా ప్రభుత్వం 2021 అక్టోబరు నుంచి, పొలం పనులకు అమ్మే కొత్త క్వాడ్ బండ్లకు, నడిపేవాడిని కాపాడే రక్షణ చట్రం తప్పనిసరి చేసింది. మీరు చేయవలసింది స్వల్పమే. ర్యాంపును గొలుసుతో ట్రక్కుకు కట్టండి, హెల్మెట్ పెట్టుకోండి, నమ్మకం కుదరకపోతే నడిపి ఎక్కించకుండా వించితో లాగండి, నాలుగు మూలలా బెల్టు వేయండి.

యజమానులకు ఒక మనవి

ఈ జాగ్రత్తలలో కూలివాడి చేతిలో ఉన్నవి చాలా తక్కువ. పొడవు బల్లలు కొనవలసింది, బెల్టులు కొనవలసింది, చైన్ పుల్లీ బిగించవలసింది, చీకటి పడ్డాక తొందరపెట్టకుండా తెల్లవారనివ్వవలసింది యజమానే. దమ్ముల రోజులలో నీరు వదిలారంటే అందరికీ తొందరే, ఆ సంగతి నాకు తెలుసు. ఒక పూట ఆలస్యమైతే నాట్లు ఒక పూట వెనకబడతాయి. మనిషి పోతే ఆ ఇల్లు ఒక తరం వెనకబడుతుంది.

మీ ఊరిలో టిల్లర్ ఉన్నవారికి, బొలేరో నడిపేవారికి, చేపల చెరువుల వద్ద పనిచేయించేవారికి ఈ వ్యాసం చదివి వినిపించండి. చదివే తీరిక వారికి లేదంటే ఒక్క మాట చెప్పండి, చాలు: బరువు వెనుక మనిషి నిలబడకూడదు, బరువు పక్కన మనిషి కూర్చోకూడదు. కట్టవలసింది బెల్టుతో. మనిషి మోకు కాడు.